వంటింటి సాకెట్: మార్చడం వేరు, పెంచడం వేరు

ఇంటికి కొత్తగా 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ వచ్చింది. దాని ప్లగ్గు పిన్నులు లావుగా ఉన్నాయి, వంటగట్టు మీది 6 ఆంపియర్ల సాకెట్‌లో పట్టవు. మెయిన్ ఆపి, పాతది ఊడదీసి, అవే వైర్లకు 16 ఆంపియర్ల సాకెట్ బిగిస్తే పది నిమిషాల పని. స్టవ్ కూడా వెలుగుతుంది. కానీ మన దేశ నిబంధనల ప్రకారం ఇది ఇంటివాళ్లు సొంతంగా చేయదగ్గ పని కాదు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, వాటి స్థానంలో 2023లోనూ భద్రతా నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం వైరింగ్ పనులు, అందులో మార్పులు, మరమ్మతులు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఫిట్టింగులు, 250 వోల్టులు మించని గృహోపకరణాలు మార్చుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. అయితే ఆ మార్పుతో వైరింగ్ సామర్థ్యం గానీ, స్వభావం గానీ ఏమాత్రం మారకూడదు.

6 ఆంపియర్ల సాకెట్ పగిలితే అలాంటిదే మరొకటి పెట్టడం మార్చడమే. 16 ఆంపియర్లది పెడితే సామర్థ్యం పెంచినట్టు. ఇబ్బందేమిటంటే, గోడలోని వైరుకు ఆ సంగతి తెలియదు.

230 వోల్టుల దగ్గర ఆ స్టవ్ దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. పక్కనే 1500 వాట్ల కెటిల్ పెడితే మొత్తం 15 దాటుతుంది. 10 ఆంపియర్ల ఎంసీబీ ఊరుకోదు, పడిపోతుంది. అప్పుడు చాలామంది చేసే రెండో పని, దాన్ని తీసి 20 ఆంపియర్లది పెట్టడం. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఎంసీబీ ఉన్నది స్టవ్‌ను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. పైగా దాని మీద రాసిన అంకె దాటగానే అది పడిపోదు. ప్రమాణాల ప్రకారం 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడిపోకుండా భరించాలి. అంటే 20 ఆంపియర్ల ఎంసీబీ గుండా 22 ఆంపియర్లు గంటపాటు పారవచ్చు.

వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 10 ఆంపియర్లు పారితే మీటరుకు సుమారు 1.2 వాట్ల వేడి పుడుతుంది. 22 ఆంపియర్లు పారితే దాదాపు 6 వాట్లు. గోడలో, పైపు లోపల, ఆ వేడి బయటకు పోవడానికి దారి తక్కువ. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారవుతుంది.

స్క్రూ సరిగా బిగియకపోవడం మరో గొడవ. వదులు కనెక్షన్ దగ్గర అర ఓమ్ నిరోధం ఉంటే, 10 ఆంపియర్లకు అక్కడే 50 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్ వెనక వదిలేసినట్టే. కరెంటు పరిమితి దాటదు కాబట్టి ఎంసీబీ కదలదు.

తడి చేతుల సంగతికీ ఎంసీబీ పనికిరాదు. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, మిక్సీ లీకేజీ వల్ల ఒంట్లోంచి పారేది 0.23 ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు, ఎంసీబీకి మాత్రం లెక్కలోకి రాదు. దాన్ని పసిగట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్త్ వైరు సరిగా ఉంటే, చెయ్యి తగలకముందే అది సరఫరా ఆపేయగలదు.

స్టవ్‌కు కావలసింది డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా లాగిన లైను. సాధారణంగా 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి తగ్గ ఎంసీబీ, ఎర్త్. ఇది లైసెన్సు ఉన్నవారి పని. అంగట్లో దొరికే కన్వర్టర్ ప్లగ్గు స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే 16 ఆంపియర్ల పిన్నులను 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తుంది. వైరు దృష్టిలో అదీ ఇదీ ఒకటే.