పరిశోధన మనకూ అందే చదువే
పిహెచ్.డి.కి దరఖాస్తు చేయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు మీ కందరికీ పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడగగానే నాకు మన స్టడీ అవర్ గుర్తొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక వరండాలో వరసగా కూర్చుని చదివే రోజుల్లో మాకు తెలిసిన గమ్యాలు నాలుగే: టీచరు, కానిస్టేబులు, బ్యాంకు గుమస్తా, గ్రూప్స్. 'డాక్టర్' అనే మాట కాలేజీలో కొందరు లెక్చరర్ల పేర్ల ముందు చూసేవాళ్లం. అది ర్యాంకులు వచ్చినవాళ్లకూ, ఇంగ్లీషు దంచి మాట్లాడేవాళ్లకూ మాత్రమే దక్కేదనుకున్నాం. ఆ అపోహ వల్ల మా గదిలోని తెలివైన కుర్రాళ్లు ఇద్దరు దరఖాస్తు ఫారం కూడా తీసుకోలేదు. మీరు అలా చేయకూడదనే ఈ వ్యాసం.

పిహెచ్.డి. అంటే ఏమిటి?

డిగ్రీలోనూ, పి.జి.లోనూ మనం ఇతరులు కనుక్కున్నది నేర్చుకుంటాం. పిహెచ్.డి.లో ఇంతవరకు ఎవరూ సరిగా జవాబు చెప్పని ఒక ప్రశ్న తీసుకుని, ఆధారాలతో జవాబు వెతికి, సిద్ధాంత వ్యాసంగా రాస్తాం. యు.జి.సి. 2022 నవంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం దీనికి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. అవసరమైతే మరో 2 ఏళ్లు పొడిగిస్తారు. స్త్రీలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. మొదట్లో కోర్సు వర్కు చదివి పరీక్ష రాయాలి. చివర సిద్ధాంత వ్యాసం సమర్పించి, పరీక్షకుల ఎదుట వైవాలో సమర్థించుకోవాలి. ఒకప్పుడు ముందుగా ఎం.ఫిల్. చేసేవారు. 2022 నిబంధనలతో ఆ డిగ్రీ నిలిచిపోయింది. కాబట్టి పి.జి. తర్వాత నేరుగా పిహెచ్.డి.కే వెళ్లాలి.

ఎవరు అర్హులు?

పి.జి.లో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయర్‌లో లేని బి.సి., దివ్యాంగ, ఇ.డబ్ల్యు.ఎస్. అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. అంటే 50 శాతం చాలు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారైతే 75 శాతం ఉండాలి. వీరికీ అదే సడలింపు వర్తిస్తుంది. పి.జి. చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా నెట్ పరీక్ష రాయవచ్చు. కనుక పి.జి. పూర్తయ్యాక చూద్దాంలే అని కూర్చోవద్దు.

ప్రవేశానికి దారులు

1. నెట్: ఆర్ట్స్, కామర్స్, భాషల వారికి యు.జి.సి. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. సైన్సు వారికి సి.ఎస్.ఐ.ఆర్. నెట్ ఉంది. యు.జి.సి. నెట్‌లో మొదటి పేపరు 100 మార్కులు, సబ్జెక్టు పేపరు 200 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. తెలుగు సబ్జెక్టు తీసుకున్నవారికి సబ్జెక్టు పేపరు తెలుగులోనే ఉంటుంది. బాగా మార్కులు వస్తే జె.ఆర్.ఎఫ్. దక్కుతుంది. దీనికి వయసు 30 ఏళ్లు మించరాదు. ఎస్.సి., ఎస్.టి., బి.సి. అభ్యర్థులకూ, స్త్రీలకూ 5 ఏళ్ల సడలింపు ఉంది.

2024-25 నుంచి నెట్‌లో జె.ఆర్.ఎఫ్. రాకపోయినా 'పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే' అర్హత పొందే అవకాశం కూడా వచ్చింది. అటువంటి వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. ప్రవేశానికి ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి ఇంటర్వ్యూ ఉంటే చాలు.

2. విశ్వవిద్యాలయాల సొంత పరీక్ష: ఇందులో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉంటాయి. 50 శాతం వస్తే ఇంటర్వ్యూకు పిలుస్తారు. రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం చాలు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ ఆర్‌సెట్ పేరుతో ఉమ్మడి పరీక్ష పెడుతూ వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం సొంతంగా ప్రకటన ఇచ్చిన సందర్భాల్లో జాతీయ ఫెలోషిప్పులున్న వారిని ఒక కేటగిరీలో, ప్రవేశ పరీక్ష రాసినవారిని మరో కేటగిరీలో తీసుకుంది. ఏ ఏటికి ఆ ఏటి ప్రకటన మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. స్నేహితుడు చెప్పాడని ఆగిపోవద్దు.

నేను తప్పిన మొదటి ఇంటర్వ్యూ

పరీక్షలో నెగ్గి, ఇంటర్వ్యూలో తప్పినవాణ్ని నేను. అప్పు తెచ్చిన బూట్లు వేసుకుని వెళ్లాను. నా అంశం 'గ్రామీణ పేదరికం - ఒక పరిశీలన'. ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్ గారు మూడే ప్రశ్నలు అడిగారు. "ఏ ఊళ్లో? ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా? ఎవరిని ఏమని అడుగుతావు?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. బయటికొచ్చి, కులం చూసి తీసేశారేమోననీ, ఇంగ్లీషు రాకపోవడం వల్లనేమోననీ చాలా రోజులు బాధపడ్డాను. అలాంటివి లోకంలో లేవని నేను అనను. కానీ ఆ రోజు నా కాగితం మీద ప్రశ్న లేదన్నది మాత్రం నిజం.

సెలవులకు ఇంటికి వెళితే మా అమ్మ ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. చిన్నప్పుడు నేనూ, మా అక్కా తునికాకు కత్తిరించి ఇచ్చేవాళ్లం. నేను హాస్టలుకు వచ్చాను. అక్క చదువు పదో తరగతితో ఆగిపోయింది. పక్కింటామె కూడా బీడీలే చేస్తుంది, ఆమె కూతురు మాత్రం డిగ్రీ దాకా చదివింది. ఒకే పని, ఒకే వాడ, ఒకే కూలి. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాతి ప్రకటనకు నేను పంపిన అంశం అదే: మా మండలంలో బీడీ పని చేసే తల్లుల కూతుళ్లలో ఎవరు పదో తరగతితో ఆగుతున్నారు, ఎవరు ముందుకు పోతున్నారు, ఎందుకు? ఈసారి ఇంటర్వ్యూలో అవే మూడు ప్రశ్నలు వచ్చాయి. ఊళ్ల పేర్లతో సహా చెప్పాను. సీటు వచ్చింది.

అంశాన్ని ప్రశ్నగా మార్చండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటామంటే ఇదే గుర్తుంచుకోండి. 'ఒక పరిశీలన', 'ఒక అధ్యయనం' అన్న చోట ప్రశ్న గుర్తు పెట్టగలగాలి.

తెలుగు విద్యార్థి 'జాషువా కవిత్వం - ఒక పరిశీలన' అంటే అది సముద్రం. 1941 నాటి 'గబ్బిలం' తీసుకుని, 'మేఘసందేశం' లాంటి సందేశ కావ్యాల పద్ధతిని జాషువా ఎక్కడ పాటించారు, ఎక్కడ తలకిందులు చేశారు, ఎందుకు చేశారు అని అడిగితే అది ప్రశ్న.

రసాయనశాస్త్ర విద్యార్థి 'నల్లగొండ నీటిలో ఫ్లోరైడ్' అంటే చాలదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధి. శుద్ధి చేశాక ఆ నీటిలో అల్యూమినియం ఎంత మిగులుతుంది, దాన్ని తక్కువ ఖర్చుతో తగ్గించడమెలా అని అడిగితే పని మొదలైనట్టే.

మీ ప్రశ్నకు ఎవరైనా ఇప్పటికే జవాబు చెప్పారేమో చూడటానికి 'శోధ్‌గంగ' అనే వెబ్‌సైటు ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు లక్షల సంఖ్యలో అక్కడ ఉచితంగా చదవవచ్చు. మీ అంశానికి దగ్గరగా ఉన్నవి కనీసం అయిదు చదవండి. ఎలా రాయాలో తెలుస్తుంది, ఏది మిగిలి ఉందో కూడా తెలుస్తుంది. వాక్యాలు మాత్రం ఎత్తి రాయవద్దు. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేరుతో తనిఖీ చేసిన తరువాతే సిద్ధాంత వ్యాసం తీసుకుంటారు.

పరిశోధన ప్రతిపాదనలో ఏముండాలి?

దీన్నే సినాప్సిస్ అంటారు. ఎన్ని పేజీలో ప్రకటనలో చెబుతారు. క్రమం సాధారణంగా ఇది:
1. శీర్షిక
2. ప్రశ్న ఏమిటి, ఎందుకు ముఖ్యం
3. ఇంతవరకు ఎవరేం చెప్పారు, ఏం మిగిలింది
4. ఏ ఊళ్లు, ఏ కాలం, ఏ గ్రంథాలు
5. సమాచారం ఎలా సేకరిస్తారు
6. అధ్యాయాల విభజన
7. చదివిన పుస్తకాల పట్టిక

రాశాక ఆ అంశం తెలియని హాస్టల్ మిత్రుడికి చదివి వినిపించండి. అతనికి అర్థం కాకపోతే మళ్లీ రాయండి. నేను నాలుగుసార్లు రాశాను.

గైడును ఎంచుకోవడం

నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది కంటే ఎక్కువ పరిశోధకులు ఉండకూడదు. కాబట్టి ఖాళీలు ఎన్నో ముందే తెలుసుకోండి. శాఖ వెబ్‌సైటులో ఎవరు దేని మీద పని చేశారో చూడండి. వీలైతే ఇప్పటి పరిశోధకులను కలిసి, 'సారు రాసింది చదివి దిద్దుతారా? ఎన్నాళ్లకు దిద్దుతారు?' అని అడగండి. ఆ గైడుతో మీరు ఏళ్లు గడపాలి.

డబ్బు సంగతి

ఇంట్లో వాళ్లు మొదట అడిగేది ఇదే. 2023 జనవరి 1 నుంచి జె.ఆర్.ఎఫ్. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000. విశ్వవిద్యాలయ హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం కూడా ఇస్తారు. ఎస్.సి. విద్యార్థులకు 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్‌గా మొదలైన పథకం ఇప్పుడు ఎస్.సి. జాతీయ ఫెలోషిప్‌గా ఉంది. ఎస్.టి., బి.సి. విద్యార్థులకూ జాతీయ ఫెలోషిప్పులున్నాయి. అయితే సీటు వచ్చినవారందరికీ ఫెలోషిప్ రాదు. వచ్చినా కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. మొదటి ఆరు నెలలకు ఏదో ఒక ఆధారం చూసుకుని వెళ్లండి.

కాగితాలు

ఒక్క కాగితం వల్ల సీటు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, డిగ్రీలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒకేలా ఉన్నాయా? ఈ రోజే ట్రంకు పెట్టె తెరిచి చూడండి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, టి.సి., ప్రొవిజినల్, మైగ్రేషన్, మార్కుల మెమోలు ఒక ఫైలులో పెట్టుకోండి. కేంద్ర విశ్వవిద్యాలయాలకైతే కుల ధ్రువపత్రం ఏ నమూనాలో అడిగారో చూడండి. చివరి తేదీ దాకా ఆగవద్దు. ఆ రోజు నెట్ సెంటర్లో కరెంటు ఉండదు!

చివరగా

అంబేద్కర్ గారి ఫొటో మన హాస్టల్ హాల్లో ఉంది. ఆయన బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు సగంలో వదిలి రావలసి వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ వెళ్లారు. రూపాయి సమస్య మీద రాసిన సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకులు మార్చి రాయమంటే మార్చి రాశారు. 1923లో లండన్ డి.ఎస్‌సి. పొందారు. కొలంబియా పిహెచ్.డి. ఆయన చేతికి వచ్చింది 1927లో. అంతటివారికే తిరిగి రాయవలసి వస్తే, మొదటిసారి తప్పినందుకు మనం సిగ్గుపడనక్కర లేదు.

నా సిద్ధాంత వ్యాసం బైండింగు చేయించి ఇంటికి తీసుకెళ్లిన రోజు అమ్మకు చదవడం రాదు కనుక అక్క చదివి వినిపించింది. మూడో అధ్యాయంలో తన మాటలు, తనలాంటి వాళ్ల మాటలు ఉన్నాయి. చదువుతూ చదువుతూ ఆగి, "ఇవన్నీ పుస్తకంలో రాస్తార్రా?" అని అడిగింది. రాస్తారు అక్కా. రాయాలి. మన వాడల్లో ఉన్న ప్రశ్నలు మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రాత్రి స్టడీ అవర్లో ఒక తెల్లకాగితం తీసుకుని మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. దరఖాస్తు అక్కడి నుంచే మొదలవుతుంది.

- మీ హాస్టల్ పూర్వ విద్యార్థి, అర్థశాస్త్ర అధ్యాపకుడు