ప్రతి వస్తువునకు ఒక చోటు



సాయంకాలము బడి విడిచిన పిమ్మట అనేక గృహములలో ఒకే దృశ్యము కానవచ్చును. పుస్తకముల సంచి గడపకడ్డముగా పడియుండును. చెప్పు ఒకటి వాకిట, రెండవది మంచము క్రింద. విడిచిన చొక్కా కుర్చీమీద. తల్లి మందలించుచునే ఒక్కొక్కటి తీసి సర్దును. మరునాడును ఇదియే తంతు. ఏండ్లు గడచినను ఆ బిడ్డకు అలవడునదేమి? తాను పడవేసినదానిని వేరొకరు తీయుదురను నమ్మకమే గదా!

శుభ్రత ఉపదేశముచేత గాక అభ్యాసముచేత అబ్బును. ఆ అభ్యాసమునకు తగిన వసతిని పెద్దలు ముందుగా కల్పింపవలెను. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరమున, సాన్ లొరెంజో అను పేదలవాడలో, "బాలల గృహము"ను ప్రారంభించిరి. అచట బోధన సామగ్రిని మొదట బీరువాలో నుంచి తాళము వేసెడివారు. ఒకనాడు ఉపాధ్యాయురాలు తాళము వేయ మరచెను. మరల వచ్చి చూడగా పిల్లలు బీరువా తెరచి, వలసినవి తీసికొని పని చేసికొనుచుండిరి. ఆమె దానిని దొంగతనముగా నెంచెను. ఏ వస్తువు తమకు కావలెనో ఎంచుకొనగల నేర్పు పిల్లలకు వచ్చినదని మాంటిస్సోరి గ్రహించిరి. పిదప పిల్లల చేతికందు పొట్టి అరలు చేయించిరి. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిరి.

మన ఇండ్లలో పిల్లలకు ప్రత్యేకముగా గది లేకపోవచ్చును. ఒక మూల, ఒక గోడగూడు, ఒక ట్రంకుపెట్టె చాలును. ఆచరింపవలసిన విధము ఇది:

1. దండెము పెద్దల ఎత్తున నున్నచో బిడ్డ బట్టలు నేలమీదనే యుండును. బిడ్డ చేయి అందు ఎత్తున రెండు మేకులు కొట్టుడు.

2. పుస్తకములకు, బట్టలకు, ఆటవస్తువులకు వేరువేరు చోట్లు ఏర్పరుపుడు. చదువురాని బిడ్డకై అచట ఒక బొమ్మ అతికింపుడు.

3. "గది సర్దుము" అనినచో ఏడేండ్ల బిడ్డకు ఎచట మొదలిడవలెనో తోచదు. "ముందు పుస్తకములు గూటిలో పెట్టుము" అనుడు. అది ముగిసిన పిదప రెండవది చెప్పుడు.

4. రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు ఇందులకు కేటాయింపుడు. ఆ సమయమున తండ్రియు తన వార్తాపత్రికను, కండువాను సర్దుకొనవలెను.

5. చీపురు ఆడపిల్లకు, ఆట మగపిల్లవానికి అను భేదము వలదు. ఎవరి పక్క వారే చుట్టవలెను.

ఇక నా పొరపాటును గూడ చెప్పవలసియున్నది. నా కుమారుడు పదియేండ్లవాడై యుండగా వాని పెట్టెలో అగ్గిపెట్టె బొమ్మలు, గోళీలు, చింతపిక్కలు, విరిగిన కలము నిండియుండెను. ఒక సెలవునాడు వానినన్నిటిని చెత్తయని పారవేసితిని. సాయంకాలము వాడు పెట్టె తెరచి చూచి, మెల్లగా మూసెను. ఏడ్వలేదు. నన్నేమియు అడుగలేదు. నాటినుండి తన వస్తువులను అటకమీద, బియ్యపు డబ్బా వెనుక దాచసాగెను. గది శుభ్రమయ్యెను గాని బిడ్డ నాకు దూరమయ్యెను.

నెల గడచిన పిదప నేనే వాని యెదుట తప్పు ఒప్పుకొని, ఒక చెక్కపెట్టె నిచ్చితిని. "నీ అనుమతి లేక దీనిని ఎవరును తాకరు. అయితే ఇది నిండినచో క్రొత్తది చేర్చుటకు ముందు పాతదొకటి నీవే తీసివేయవలెను" అంటిని. వాడు కొన్నాళ్లు నమ్మలేదు. పిమ్మట ఒకనాడు పెట్టెను నా యెదుటనే బోర్లించి, దేనిని ఉంచవలెనో, దేనిని విడువవలెనో తానే ఏరుకొనెను. నేను నోరు మెదపక కూర్చుంటిని.

ఈ వారపు అభ్యాసము: మీ బిడ్డ ప్రక్కన నేలపై కూర్చుండి, ఏ వస్తువు తనకు అందుటలేదో అడిగి తెలిసికొనుడు. ఒక్క వస్తువునకు మాత్రము చోటు ఏర్పరుపుడు. బిడ్డ మడచిన చొక్కా వంకరగా నున్నను మీరు మరల మడవకుడు.