అత్తమ్మ కంటి ఆపరేషన్

మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో అక్కడ వరి పండుతుంది. ఆ ఊళ్లో ఒక అత్త, కోడలు ఉన్నారు. అత్తకు అరవై ఏళ్లు దాటాయి. కోడలు ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది.

ఒకరోజు అన్నంలో రాళ్లు వచ్చాయి. బియ్యం ఏరింది అత్త.

"నాకు సరిగ కనవడ్తలేదు బిడ్డా. అంతా పొగ కమ్మినట్టు ఉంటది" అన్నది అత్త.

2023లో వాళ్ల ఊళ్లో కంటి వెలుగు శిబిరం పెట్టారు. ఉచితంగా కళ్లు పరీక్ష చేశారు. అత్తకు మోతిబిందు ఉందని, ఆపరేషన్ చేయించుకోవాలని అప్పుడే చెప్పారు. "నాట్లు అయినంక చూద్దాం" అన్నది అత్త. నాట్లు అయినయి. కోతలు అయినయి. అత్త పోలేదు. ఇంటి పని ఎవరు చేస్తారు? ఖర్చు ఎంత? ఉన్న కన్ను కూడా పోతే ఎట్ల? ఇవీ ఆమె భయాలు.

చుట్టాలు తలో మాట చెప్పారు. "చుక్కల మందు వేస్తే కరుగుతది" అన్నది కోదాడ నుంచి వచ్చిన ఆడబిడ్డ. "పొర ముదరాలె, చలికాలం రావాలె" అన్నాడు సూర్యాపేట మామ. కోడలు ఎవరి మాటా వినలేదు. ఆశా కార్యకర్తను అడిగింది. అత్తను మిర్యాలగూడలో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

మోతిబిందు అంటే ఏమిటి?

డాక్టరమ్మ ఇట్లా చెప్పింది.

"అమ్మా, కనుపాప వెనక చిన్న అద్దం లాంటిది ఉంటుంది. అది నీళ్లలా తేటగా ఉంటేనే చూపు బాగుంటుంది. వయసు పెరిగితే అది మసకబారుతుంది. దాన్నే మోతిబిందు అంటారు, శుక్లం అంటారు. కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన తెల్లబడుతుంది కదా! మళ్లీ తేటగా అవుతుందా? కాదు. ఇదీ అంతే. చుక్కలతో, ఆకు పసరుతో కరగదు. పసరు పోస్తే ఉన్న చూపు కూడా పోవచ్చు. మసక అద్దం తీసి, కొత్త అద్దం పెట్టాలి. అదే ఆపరేషన్. చలికాలమే కానక్కర లేదు. ముదిరేదాకా ఆగొద్దు. బాగా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది."

మసక చూపు అంతా మోతిబిందు కాదు. నీటికాసుల జబ్బులో కూడా చూపు తగ్గుతుంది. ఆ జబ్బుతో పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఖర్చు మాటేమిటి? అంధత్వ నివారణకు 1976 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. దాని కింద ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. ఎక్కడ చేస్తారో ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగాలి.

ఆపరేషన్‌కు ముందు

డాక్టరుకు ఏదీ దాచొద్దు. షుగర్, బీపీ, గుండె జబ్బు, ఆయాసం ఉంటే చెప్పాలి. రోజూ వేసుకునే మాత్రలు అన్నీ వెంట తీసుకుపోవాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. ఏ మాత్రనూ సొంతంగా మానొద్దు. ఏదైనా మందు పడకపోతే అదీ చెప్పాలి. కంటి నుంచి నీరు, చీము కారుతుంటే ముందు అది తగ్గాలి.

ముందు రోజు తలస్నానం చేయాలి. కాటుక పెట్టుకోవద్దు. ఆ పూట తినొచ్చా, లేదా అని అడగాలి. వెంట ఒక మనిషి ఉండాలి.

కంటికి మాత్రమే మత్తు ఇస్తారు. మనిషికి తెలివి ఉంటుంది. తల కదపొద్దు. దగ్గు వస్తే ముందే చెప్పాలి. చాలామందికి అరగంట లోపే అయిపోతుంది.

ఇంటికి వచ్చాక

అత్తకు ఆపరేషన్ అయింది. రెండు చుక్కల సీసాలు ఇచ్చారు. రెండూ ఒక్క తీరుగనే ఉన్నాయి. కోడలు పేర్లు చదివింది. ఏది ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసి గోడకు అంటించింది. చేతులు సబ్బుతో కడిగి చుక్కలు వేసింది. ఇంట్లో ఒక పాత సీసా ఉంది. దాని తేదీ ఎప్పుడో దాటిపోయింది. దాన్ని పారేసింది.

కంట్లో నీళ్లు పడొద్దు. కన్ను నలపొద్దు. పొయ్యి పొగ, వడ్ల దుమ్ము తగలొద్దు. డాక్టరు చెప్పేదాకా బరువులు ఎత్తొద్దు.

నాలుగో రోజు అత్త మరిచిపోయి కొంగుతో కన్ను నలిపింది. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. నొప్పి మొదలైంది. చూపు తగ్గింది.

"పొద్దున పోదాం తియ్యి" అన్నది అత్త.

కోడలు ఆసుపత్రి చీటీ తీసి చదివింది. "నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా వెంటనే రావాలి" అని ఉంది.

"పొద్దున అని లేదు అత్తమ్మా. వెంటనే అని ఉంది" అన్నది. ఆ రాత్రే బయలుదేరారు.

"మంచి పని చేసినవమ్మా. ఆలస్యమైతే కన్ను దక్కకపోయేది" అన్నది డాక్టరమ్మ. మందు మార్చింది. కన్ను కుదుటపడింది.

నెల దాటాక దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చారు. అత్త చుక్కల సీసా చేతిలోకి తీసుకుంది.

"అక్షరాలు కనవడుతున్నయి బిడ్డా. కానీ చదవరాదు. నాకు కూడా నేర్పు" అన్నది.

చెప్పండి

1. అత్త ఆపరేషన్ ఎందుకు వాయిదా వేసింది?
2. ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు ఏమేమి చెప్పాలి?
3. కోడలు రాత్రే ఎందుకు బయలుదేరింది?
4. మీ వాడలో చూపు మసకబారిన ఆడవాళ్లు ఎవరు? వాళ్లను ఎప్పుడు తీసుకుపోతారు?