పిల్లి ఎత్తులో ఇల్లు

పూలు కట్టాక మిగిలిన దారం ముక్క ఎక్కడ పడేస్తారు? నేనైతే మంచం పక్కనే వదిలేసేదాన్ని. ఓ సాయంత్రం మా పిల్లి దాంతో ఆడుకుంటూ మింగేసింది. రెండ్రోజులు తిండి ముట్టలేదు, ఒకటే వాంతులు. చివరికి పొట్ట కోసి తీయాల్సొచ్చింది.

"కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటుందండీ" అని డాక్టరుగారి దగ్గర దాని మీదే చాడీ చెప్పాను. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు తిరిగి ఉంటాయట. దారం వాటికి చిక్కిందంటే ఉమ్మేయడం దానివల్ల కాదు, మింగాల్సిందే. కొస బయటికి వేలాడుతున్నా మనం లాగకూడదు, లోపల పేగులు కోసుకుపోతాయి. నాకు నోట మాట రాలేదు. "తర్వాత తీద్దాంలే" అనుకున్నది పిల్లి కాదు కదా! క్రమశిక్షణ లేనిది నాకే.

క్రమశిక్షణ అనగానే తెల్లవారుజామున 4 గంటలకు లేవమంటారు. ఆ ముచ్చట నాకెప్పుడూ తీరలేదు. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి నేల మీద బోర్లా పడుకుని గదంతా చూశాను. శుభ్రమైన మనిషినని నాకున్న పేరు అక్కడితో పోయింది. బీరువా కింద కలరా ఉండ. సోఫా కింద జారిపడ్డ పారాసిటమాల్ బిళ్ల. మన జ్వరం తగ్గించే ఆ ఒక్క బిళ్లే పిల్లి ప్రాణం తీయగలదు, దాన్ని అరాయించుకునే శక్తి దాని కాలేయానికి లేదు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ ఇంకా ప్రమాదం. ఒంటికంటిన పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. (మనం దండల్లో కట్టే లిల్లీ వేరు, కంగారుపడకండి.) కుక్కకి తెచ్చిన పిడుదుల మందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి పొరపాటున కూడా రాయొద్దు.

ఎంత ఎత్తు నుంచి పడ్డా పిల్లి నాలుగు కాళ్ల మీద వాలుతుందని ధీమాగా ఉంటాం. చాలాసార్లు వాలుతుంది, నిజమే. కానీ ఎత్తు ఎక్కువైతే వాలాక కూడా దవడ, రొమ్ము నేలకి కొట్టుకుంటాయి. బాల్కనీకి వల కట్టించాను. వాషింగ్ మెషీన్ మూసేముందు చెయ్యి పెట్టి చూడడం అలవాటైంది.

ఆమధ్య మా మావగారు వచ్చినప్పుడు, ఆయన జారిపడతారేమోనని ఎవరూ చెప్పకుండానే స్నానాలగది తడి తుడిచాను. అది పిల్లి కోసం కాదు.

పూర్తిగా మారిపోయానని చెప్పను. మొన్న సూది కనపడక అరగంట వెతికాను. దొరికేదాకా పిల్లిని పక్కగదిలో పెట్టి తలుపేశాను.