బిల్లు లేని కరెంటుకు మోటారు ఎందుకు కాలుతోంది?

వేరుశనగ ఊడలు దిగే వేళకో, చీనీ కాయ ఊరే వేళకో బోరు మోటారు కాలిపోతుంది. దాన్ని పైకి తీయడానికి ఒక ఖర్చు, వైండింగ్‌కు ఒక ఖర్చు, మళ్లీ దించడానికి ఇంకో ఖర్చు. ఈలోగా తడి లేక పైరు వాడిపోతుంది. కరెంటు బిల్లు లేదన్న మాటేగానీ వైండింగ్ షాపు బిల్లు తప్పడం లేదని మన జిల్లా రైతులు అనుకోవడం తరచూ వింటున్నదే.

మోటార్లు కాలడానికి ముఖ్య కారణం లో ఓల్టేజి. ఓల్టేజి తగ్గితే మోటారు అదే నీటిని ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్ట వేడెక్కి, పైపూత మాడి, మోటారు కాలుతుంది. ఇలాంటప్పుడు స్టార్టరులోని రిలే మోటారును ఆపేయాలి. కానీ "మాటిమాటికీ పడిపోతోంది" అని రిలేను తప్పించి డైరెక్టు చేసేవాళ్లు ఎందరో. కాపలా కుక్క మొరుగుతోందని తోలేసినట్టే ఇది.

కెపాసిటర్ చేసే పని

మోటారు రెండు రకాల కరెంటు తీసుకుంటుంది. ఒకటి నీళ్లు ఎత్తే కరెంటు. రెండోది మోటారు లోపల అయస్కాంత బలం పుట్టించే కరెంటు. ఈ రెండోది నీళ్లు ఎత్తదు, కానీ అది లేనిదే మోటారు తిరగదు. కూలి చేసేవాడితో పాటు ఊరికే వచ్చేవాడు కూడా బండెక్కితే ఎద్దులకు ఇద్దరి బరువూ తప్పదు కదా! అలాగే ఈ రెండు కరెంట్లూ ట్రాన్స్‌ఫార్మర్ మీద, తీగల మీద బరువే.

కెపాసిటర్ ఆ రెండో రకం కరెంటులో కొంత భాగాన్ని మోటారు దగ్గరే అందిస్తుంది. అంతమేరకు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రావలసిన పని తప్పుతుంది.

లెక్క చూద్దాం. 5 హెచ్.పి. మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ మీద వేసే బరువు సుమారు 6.2 కె.వి.ఎ. 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ పెడితే అది 5.1కి దిగుతుంది. అంటే 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటర్లు లేకుంటే నాలుగు మోటార్లకే నిండిపోతుంది. అందరూ పెట్టుకుంటే దాదాపు ఐదింటిని మోస్తుంది. తీగల్లో వేడిగా పోయే కరెంటు కూడా మూడింట ఒక వంతు తగ్గుతుంది. చివరి బోరుకు ఓల్టేజి కొంత మెరుగవుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నలుగురిలో ఒక్కరే పెడితే ఫలితం కంటికి ఆనదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కలిసి పెట్టుకోవాలి.

పెట్టేటప్పుడు జాగ్రత్తలు

- 3 హెచ్.పి.కి 1, 5 హెచ్.పి.కి 2, 7.5 హెచ్.పి.కి 3 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ సరిపోతుంది. ఎక్కువ పెడితే మేలు అనుకోవడం పొరపాటు.
- ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి.
- మోటారు ఆగినప్పుడు కెపాసిటర్ కూడా ఆగేలా, స్టార్టరు నుంచి మోటారుకు వెళ్లే వైపున ఎలక్ట్రీషియన్ చేత కలిపించుకోవాలి. ఆ తర్వాత రిలే సెట్టింగు కూడా సరిచేయించాలి. స్టార్ డెల్టా స్టార్టరు అయితే కలిపే తీరు వేరు.
- కరెంటు పోయినా కెపాసిటర్‌లో కొంతసేపు షాక్ ఉంటుంది. చేత్తో తాకరాదు.

ఇది షరతు కూడా

ఉచిత కరెంటు ఊరికే వచ్చింది కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999లో విద్యుత్ బోర్డును విడదీసి, రేట్లు నిర్ణయించడానికి విద్యుత్ నియంత్రణ మండలిని పెట్టారు. 2000లో చార్జీల పెంపుపై ఉద్యమం లేచి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004 మే నెలలో ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం పడింది.

ఆ తర్వాత మండలి ఉత్తర్వుల్లో నాలుగు షరతులు చేరాయి. తగిన కెపాసిటర్, ఐ.ఎస్.ఐ. పంపుసెట్టు, రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, హెచ్.డి.పి.ఇ. లేదా ఆర్.పి.వి.సి. పైపు. సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఫుట్‌వాల్వు పని లేదు. మనకు బిల్లు రాకపోయినా ఆ కరెంటు ఖర్చు ఎవరో ఒకరు కట్టాల్సిందే. కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుంది, కొంత పరిశ్రమలు, వ్యాపారాలు ఎక్కువ రేటు చెల్లించి మోస్తాయి. కాబట్టి వృథా తగ్గించమని అడగడంలో న్యాయం ఉంది.

మనవైపు తప్పులు

పుస్తకంలో 5 హెచ్.పి. రాయించి బోరులో 7.5 దించడం మామూలైపోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌ను పుస్తకంలోని లెక్క చూసి వేస్తారు. అది కాలితే కంపెనీని ఎంత తిట్టినా నష్టం మనదే. అదనపు లోడు రాయించుకుంటేనే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడిగే హక్కు బలపడుతుంది.

ఆటో స్టార్టర్లు ఇంకో తంటా. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది.

ఫ్యూజు పోయిందని మనమే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లవద్దు. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే ఒక తడి పోతుంది, తొందరపడితే ఇంటికి దిక్కే పోతుంది.

కంపెనీవైపు బాధ్యత

మన పని మనం చేసినప్పుడు గట్టిగా అడగవచ్చు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని మండలి 2004లో చేసిన నిబంధన చెబుతోంది. కాలిన వెంటనే 1912 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు, తేదీ, వేళ రాసి పెట్టుకోవాలి. రాత లేని ఫిర్యాదు గాలిలో మాటే. పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు అర్జీ పెట్టవచ్చు. ఇది 2003 విద్యుత్ చట్టం ఇచ్చిన హక్కు.

ఏటా రేట్లు నిర్ణయించే ముందు మండలి జనం అభ్యంతరాలు, సలహాలు కూడా తీసుకోవాలి. ఆ బహిరంగ విచారణ ప్రకటన పత్రికల్లో వస్తుంది. పరిశ్రమలవాళ్లు లెక్కలతో వెళ్లి మాట్లాడతారు. రైతులు కూడా ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు కాలింది, ఎన్ని రోజులకు మార్చారు అన్న కాగితం పట్టుకుని వెళితే ఆ మాటకు విలువ ఉంటుంది.

ఈ వారమే మీ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా ఒకచోట కూర్చోండి. ఎన్ని మోటార్లు, అసలు హెచ్.పి. ఎంత, ఎవరికి కెపాసిటర్ ఉంది అన్నది దాపరికం లేకుండా ఒక నోటు పుస్తకంలో రాయండి. వచ్చే కారుకు మోటారు నిలవడానికి అదే మొదటి మెట్టు.