పీజీ సీటొచ్చింది, మరి ఫీజు?

కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం పెట్టాక చాలా ఇళ్లలో పీజీ చదువు బస్సు పాసు దూరానికి వచ్చింది. ఖర్చు మాత్రం అలాగే ఉంది. సిరిసిల్ల నుంచి ఉట్నూరు దాకా పిల్లలు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేవి ఇవి.

పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినట్టేనా?

కాదు. సీటు ఏ దారిన వచ్చిందో ముందు చూసుకోండి. కన్వీనర్ కోటాలో, కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే ఈ పథకం. స్పాట్ అడ్మిషన్‌కు, మేనేజ్‌మెంట్ కోటాకు, దూరవిద్యకు రాదు. ఇంటి దగ్గరి కాలేజీ కావాలని కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు వదిలేసి, తర్వాత స్పాట్‌లో చేరి లబోదిబోమనేవాళ్లు ఏటా ఉంటారు. ఒకసారి పీజీ చేసినవాళ్లు ఇంకో పీజీకి అడిగినా ఇవ్వరు.

ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. లక్షన్నర అంటే నెలకు 12,500. ఈ రోజుల్లో డ్రైవర్ పని చేసే తండ్రి కూడా ఆ గీత దాటుతాడు. గీత పాతబడిందనే నా అభిప్రాయం, కానీ ఉన్న నిబంధన అదే.

అన్నీ సరిగ్గానే పెట్టాం. ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు ఎందుకు ఆగింది?

చాలాసార్లు పేరు దగ్గరే. ఆదిలాబాద్ వైపు మడావి, మెస్రం, ఆత్రం లాంటి ఇంటిపేర్లు తెలుగులో ఒకటే. ఇంగ్లిషులో పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఒక్కటే. ఒక్క అక్షరం తేడా ఉన్నా మీసేవ కౌంటర్ దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి. సీటు రాకముందే, వేసవిలోనే ఈ పని కానివ్వండి. ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో కూడా చూసుకోండి. 75 శాతం హాజరు ఉండాలి, రెండో ఏడు రెన్యువల్ మళ్లీ చేయాలి.

బకాయి ఉందని కాలేజీ మా సర్టిఫికెట్లు ఆపితే?

ఆపే హక్కు లేదు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగివ్వాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడిగి, ఒక ప్రతి మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. కదలకపోతే అదే ప్రతిని విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు పంపండి. నోటిమాటగా అడిగితే ఎవరికీ గుర్తుండదు.

రీయింబర్స్‌మెంట్ రానివాళ్లకు ఇంకేం ఉంది?

యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తారు, దేశమంతటికీ 10,000 మందికి. డిగ్రీ మార్కుల మీద ఎంపిక, వయసు 30 దాటకూడదు. మొదటి ఏడాదిలోనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. మన దగ్గర దీని గురించి అడిగేవాళ్లే తక్కువ. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400.

పొలం తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇస్తుందా?

4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. తల్లో తండ్రో తోడుగా సంతకం పెడితే చాలు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టూ, జామీనూ రెండూ లేవు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ. మెలిక ఏమిటంటే, ర్యాంకుల ప్రకారం ఎంపిక చేసిన సంస్థలకే ఇది వర్తిస్తుంది. మీ కాలేజీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూశాకే ఆశ పెట్టుకోండి.

"మీ ఊరు మా బ్రాంచి కిందికి రాదు" అని తిప్పి పంపడం కుదరదు. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి.

విదేశాల్లో పీజీకి?

ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్, బీసీలకు జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి ఉన్నాయి. మైనారిటీలకూ వేరే పథకం ఉంది. 20 లక్షల దాకా ఇస్తారు, రెండు విడతల్లో. మొదటి విడత అక్కడ దిగినట్టు కాగితం చూపాకే. అంటే విమానం టికెట్, మొదటి సెమిస్టర్ ఫీజు ముందు మీ చేతి నుంచే పెట్టాలి.