సుద్దముక్కతో గీసుకున్న గీత: ఒక ఇంగ్లీషు సినిమా, మన సీతమ్మ తల్లి

 

ఈసారి పాఠం కొంచెం వేరుగా ఉంటుంది. నేను సినిమాల గురించి చెప్పే మనిషిని కాదని మీకు తెలుసు. కానీ ఒక ఇంగ్లీషు సినిమా చూశాక, నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి చెబుతున్న ఒక మాట తప్పని తెలిసొచ్చింది. ఆ తప్పు నాదే కాబట్టి నేనే చెప్పుకోవాలి.

ఆ సినిమా పేరు 'ఎ లిటిల్ ప్రిన్సెస్'. 1995లో వచ్చింది. తీసినాయన మెక్సికో దేశస్థుడు, ఆల్ఫోన్సో క్యూరాన్. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ అనే ఆవిడ 1905లో అచ్చువేసిన నవల దానికి ఆధారం. ఇదే కథతో 1939లో షిర్లీ టెంపుల్ అనే బాలనటి సినిమా కూడా ఉంది కానీ, మనకి కావలసింది 1995 నాటిదే. ఎందుకంటే అందులో రామాయణం ఉంది. నవలలో లేదు. క్యూరాన్ తీసిన సినిమాలో ఆ చిన్నపిల్ల తన తోటిపిల్లలకి రాత్రిళ్ళు చెప్పే కథ మన సీతారాముల కథే! పది తలల రావణుడితో సహా.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను. సారా అనే పాప తల్లి లేని పిల్ల. నాన్న ఇండియాలో బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్. పాప ఇక్కడే పెరిగింది. 1914లో యుద్ధం రావడంతో ఆయన పిల్లని న్యూయార్కులో ఒక హాస్టల్ బడిలో చేర్చి యుద్ధానికి వెళ్ళిపోతాడు. ఆ బడి పెద్దావిడ మిస్ మించిన్ డబ్బున్నంత కాలం పిల్లని నెత్తిన పెట్టుకుంటుంది. ఒకరోజు పుట్టినరోజు వేడుక జరుగుతుండగా లాయరు వచ్చి, నాన్న యుద్ధంలో పోయాడు, ఆస్తి కూడా లేదు అని చెబుతాడు. ఆ రాత్రికే పాపని నల్లబట్టలతో అటక గదిలోకి తోసేస్తారు. మర్నాటి నుంచి పనిపిల్ల. పక్క గదిలో బెకీ అని ఇంకో పనిపిల్ల ఉంటుంది, నల్లజాతి పిల్ల. వీళ్ళిద్దరూ ఒకరికొకరు.

మా ఇంట్లో ఆదివారం ఆదివారం ఆరేడుగురు పిల్లలు కూర్చుంటారు, శ్లోకాలు నేర్చుకోవడానికి. పెద్ద బడేం కాదు, హాల్లో చాప పరచుకుని కూర్చోవడమే. వేసవి సెలవులు కదా అని ఒక ఆదివారం వాళ్ళకి ఈ సినిమా పెట్టాను. సీతమ్మ కథ ఉందన్నారు, చూద్దాం అన్న కుతూహలం నాకూ ఉంది.

సారా చెప్పే కథ మనం చెప్పుకునే దానికి కొంచెం వేరుగా ఉంటుంది. లక్ష్మణస్వామి కనబడడు. రాముడే సీతమ్మ చుట్టూ నేల మీద గుండ్రంగా ఒక గీత గీస్తాడు. ఇందులో ఉన్నంతవరకు నీకు ఏ కీడూ రాదంటాడు. పిల్లలు వెంటనే పట్టేశారు: "మామ్మగారూ, లక్ష్మణరేఖ గుండ్రంగా గీశారేంటి!" అని నవ్వారు.

తర్వాత అటక గది వచ్చింది. చీకటి, ఒంటరితనం, నాన్న లేడన్న కబురు. సారాకి అక్కడ ఒక సుద్దముక్క దొరుకుతుంది. నేల మీద తన చుట్టూ తానే గుండ్రంగా గీత గీసుకుని, అందులో ముడుచుకుని పడుకుని నాన్నని తలుచుకుని ఏడుస్తుంది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మా వీధిలోనే అమ్మమ్మ ఇంట్లో ఉంటున్న తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఉంది. ఆ పాప వాళ్ళ నాన్న 2021లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయారు. ఇంతకన్నా వివరాలు చెప్పను. ఆ పాప లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంచినీళ్ళకేమో అనుకున్నాను. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. గ్యాసుబండ పక్కన కూర్చుని ఉంది. ఏమ్మా అంటే చాలాసేపు చెప్పలేదు. ఆఖరికి అంది: "నాన్న గదిలోకి వెళ్ళద్దన్నారు మామ్మగారూ. గుమ్మం దాటద్దన్నారు. నేను ఒకసారి దాటేశాను. నాన్న మంచినీళ్ళు అడిగితే."

నాకు నోట మాట రాలేదు.

ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఇదే చాప మీద కూర్చోబెట్టి నేనే చెప్పాను: "చూశారా పిల్లలూ, సీతమ్మ గీత దాటింది, ఎంత కష్టం వచ్చిందో! అందుకే పెద్దవాళ్ళు గీసిన గీత దాటకూడదు." మనందరం చెబుతాం కదా ఇలా. ఆడపిల్లలకి మరీ చెబుతాం. ఆ మాట ఈ పసిదాని మనసులో ఎక్కడికి వెళ్ళి కూర్చుందో చూడండి. నాలుగేళ్ళుగా తండ్రి చావుని తన నెత్తిన మోస్తోంది. దానికి రామాయణం సాక్ష్యం అన్నట్టుగా నేను చెప్పాను.

ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, ఈ పాఠంలో అసలు విషయం ఇదే.

వాల్మీకి రామాయణంలో లక్ష్మణరేఖ లేదు. అరణ్యకాండలో సీతమ్మ మాటలు పడలేక లక్ష్మణుడు రాముణ్ణి వెతుకుతూ వెళ్ళేటప్పుడు వనదేవతలు నిన్ను కాపాడుదురుగాక అని వెళతాడే తప్ప గీత గీయడు. గీత తర్వాతి కవులు, కథకులు చెప్పినది. మన తెలుగులోనే, గోన బుద్ధారెడ్డి రాసినట్టు చెప్పే ద్విపద కావ్యం రంగనాథ రామాయణంలో ఒకటి కాదు, ఏడు గీతలు గీస్తాడు. అది తప్పని నేననను. భక్తులు ప్రేమతో చేర్చుకున్నది. తల్లికి ఏ రక్షా లేకుండా వదిలేశాడంటే వాళ్ళ మనసు ఒప్పుకోలేదేమో. రక్ష కోసం వచ్చిన గీతని మనం నేరం మోపడానికి వాడుకుంటున్నాం, అదీ నా బాధ.

మరి వాల్మీకంలో ఏం జరిగింది? రావణుడు కాషాయం కట్టుకుని, గొడుగు, కమండలం పట్టుకుని సన్యాసిలా వచ్చాడు. సీతమ్మ అతిథి అనుకుంది. ఆసనం వేసింది, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది, ఫలహారం పెట్టబోయింది. వచ్చినవాడు బ్రాహ్మణుడు, అతిథి, బదులు చెప్పకపోతే శపిస్తాడేమోనని ఆలోచించింది. ఇందులో సీతమ్మ చేసిన తప్పేమిటి చెప్పండి? ఇంటికి వచ్చినవాడికి పెట్టబోయింది. తప్పు వేషం వేసుకుని వచ్చినవాడిది.

ఇక్కడే నాకు సారా మళ్ళీ గుర్తొచ్చింది. తర్వాత నవల కూడా చదివాను. అందులో కథ లండన్‌లో జరుగుతుంది. ఒకరోజు భోజనం లేదు, వానలో తడిసి, చిరిగిన బూట్లతో పనిమీద వెళుతుంటే బురదలో ఒక నాలుగు పెన్నీల నాణెం దొరుకుతుంది. రొట్టెల కొట్టుకి వెళ్ళి నాలుగు బన్నులు అడిగితే, పిల్ల ముఖం చూసి కొట్టావిడ ఆరు ఇస్తుంది. బయట మెట్ల మీద ఇంకా ఆకలిగా ఉన్న ముష్టిపిల్ల. సారా ఒకటి ఇస్తుంది. ఇంకోటి. ఇంకోటి. ఆరింటిలో అయిదు ఇచ్చేసి ఒక్కటి తను ఉంచుకుంటుంది. రాకుమార్తెలు కష్టంలో ఉన్నప్పుడు కూడా పంచిపెడతారు కదా అని తనకి తాను కథ చెప్పుకుంటూ ఇస్తుంది. ఊహ అంటే కళ్ళు మూసుకుని కష్టం నుంచి పారిపోవడం అనుకునేవాళ్ళకి ఈ ఘట్టం చూపించాలి. ఆ ఊహ లేకపోతే ఆ పిల్ల ఆరూ తినేసేది, దాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు కూడా.

అలాగని సారా దేవతేం కాదు, నాకు నచ్చిందే అది. నవలలో ఒక రాత్రి తిట్లు తిని, చలిలో తిరిగి వచ్చి, తను ప్రాణంగా చూసుకునే ఎమిలీ అనే బొమ్మని కుర్చీలోంచి కొట్టి పడేస్తుంది. నువ్వు ఉత్త బొమ్మవే అని భోరున ఏడుస్తుంది. ఊహ పనిచేయని రాత్రి అది. అశోకవనంలో సీతమ్మకి కూడా అలాంటి రాత్రి ఉంది. ఒంటిమీద నలిగిన ఒకే పట్టుబట్ట, ఒంటిజడ, చుట్టూ రాక్షస స్త్రీలు. రావణుడు రెండు నెలలు గడువు పెట్టి వెళ్ళాడు. ఆ జడతోనే ఉరిపోసుకుందామా అనుకునేంత దూరం వెళ్ళిందా తల్లి. అప్పుడు శింశుపా వృక్షం మీద కూర్చున్న హనుమంతుడు ఏం చేశాడు? ఒక్కసారిగా దూకి నేను దూతనమ్మా అనలేదు. మెల్లగా, తియ్యగా రామకథ మొదలుపెట్టాడు. ఆ ప్రాణం నిలబెట్టింది ముందుగా కథ. ఉంగరం ఆ తర్వాత.

(సినిమాలో సారాకి పక్కింటి నుంచి సాయం చేసేవాడు రామ్‌దాస్ అనే భారతీయుడు. అతని దగ్గర ఒక కోతి ఉంటుంది! క్యూరాన్ సుందరకాండ చదివాడని నేననను. కోతి నవలలోనే ఉంది. కానీ చూస్తున్నప్పుడు ఒళ్ళు జలదరించింది.)

ఇప్పుడు ఆ పాపకి ఏం చెప్పానో చెబుతాను. మర్నాడు సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళాను. అమ్మమ్మగారిని, తల్లిని కూర్చోబెట్టి వాళ్ళ ముందే చెప్పాను. "నేను నీకు తప్పు చెప్పానమ్మా. సీతమ్మ గీత దాటినందుకు కష్టం రాలేదు. అసలు మొదటి రామాయణంలో గీతే లేదు. సీతమ్మ అడిగినవాడికి పెట్టింది. నువ్వు నాన్నకి మంచినీళ్ళిచ్చావు. జబ్బు నీకన్నా ముందే ఆ ఇంట్లోకి వచ్చేసింది. నీ వల్ల రాలేదు, నీ వల్ల పెరగలేదు." వాళ్ళమ్మకి ఆ మంచినీళ్ళ సంగతి అప్పటిదాకా తెలియదు. దగ్గరికి లాక్కుంది. నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

తర్వాతి ఆదివారం పిల్లలందరికీ ఇంకో ఘట్టం చెప్పాను. రావణుడు అశోకవనానికి వచ్చి ఎదురుగా నిలబడినప్పుడు సీతమ్మ ఒక గడ్డిపరక తీసి తనకీ వాడికీ మధ్యన పెట్టి, దాని అడ్డున మాట్లాడింది. మూడు లోకాలు గెలిచినవాడి ముందు ఒక గడ్డిపరక! పెద్దలు దీనికి ఎన్నో అర్థాలు చెప్పారు. నువ్వు నాకు గడ్డితో సమానం అని ఒకటి. పరపురుషుడితో నేరుగా మాట్లాడకుండా మధ్యలో ఏదో ఒకటి ఉంచుకుందని ఒకటి. నాకు మాత్రం ఆ సుద్దగీతే కనబడింది. అటకలో సారా చుట్టూ ఎవరూ గీయలేదు, తనే గీసుకుంది. అశోకవనంలో సీతమ్మకి కూడా ఎవరూ గీయలేదు, తనే పెట్టుకుంది. ఎవరో గీసి ఇచ్చిన గీత వేరు, మనం పెట్టుకున్నది వేరు. గడ్డిపరకని దాటడం రావణుడికి ఎంతసేపు? కానీ దాటలేకపోయాడు.

ఆ పాప చెయ్యెత్తింది. "ఏ గడ్డి మామ్మగారూ? గరికా?" అంది. గ్రంథంలో గడ్డిపరక అనే ఉందమ్మా, ఏదన్నది చెప్పలేదు అన్నాను. అయితే ఏదైనా పనికొస్తుందన్నమాట అని దానికదే తేల్చుకుంది.

మీ పిల్లలకి ఈ సినిమా చూపించదలుచుకుంటే రెండు మాటలు. చివర్లో నాన్న తిరిగి వస్తాడు. యుద్ధంలో గాయపడి జ్ఞాపకం పోయి, పక్కింట్లోనే ఉంటాడు. బెకీని కూడా తమతో తీసుకుపోతారు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కానీ నాన్న లేని పిల్లలు మీ ఇంట్లో ఉంటే నవల కథ కూడా చెప్పండి. నవలలో నాన్న తిరిగి రాడు, ఇండియాలోనే జ్వరంతో పోతాడు. ఆయన స్నేహితుడు ఒకాయన ఈ పిల్ల కోసం పారిస్, మాస్కో దాకా వెతికిస్తాడు. చివరికి ఆ పిల్ల పక్క గోడ అవతలే ఉందని తెలుసుకుని చేరదీస్తాడు. నా దృష్టిలో ఆ ముగింపే గట్టిది. మా చాప మీద ఆ పాపకి అదే నచ్చింది. రెండోది, రావణుడి తలలు, విషపు పొగ వచ్చే చోట చిన్నపిల్లలు జడుసుకుంటారు. సారా అటక కిటికీలోంచి పక్కింటి కిటికీకి చెక్క వేసుకుని వానలో దాటే చోట కూడా. పక్కన కూర్చోండి. వాళ్ళు మధ్యలో ఏదైనా అడిగితే సినిమా ఆపి వినండి, తర్వాత చెబుతానని అనకండి. వంటింట్లోకి వెళ్ళినవాళ్ళు ఎంతకీ రాకపోతే లేచి వెళ్ళండి.

వచ్చే పాఠంలో త్రిజటా స్వప్నం చెప్పుకుందాం. సుందరకాండ పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళు ఇరవై ఏడో సర్గ తీసి ఉంచుకోండి.

జై శ్రీరామ్.